కొండచరియల్ని ఇమేజ్‌లో పట్టే డీప్ లెర్నింగ్: ఏ ఇమేజ్, ఏ పద్ధతి, ఏ మోడల్?

కొండచరియలు విరిగిపడ్డ చోట్లను ఇమేజ్‌లో గుర్తించడానికి ఏ మోడల్ వాడాలని అడిగేవాళ్లు చాలామంది అప్పటికే రెండు మూడు పేర్లు మనసులో పెట్టుకుని వస్తారు. యూ-నెట్టా, యోలోనా, లేక ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్న ట్రాన్స్‌ఫార్మర్లా? నన్నడిగితే ఆ ప్రశ్న వరసలో ఆఖరున రావాలి. ఫలితం చూసి ఎవరు ఏం చేస్తారు, చేతిలో ఏ రకం ఇమేజ్ ఉంది, జారకముందు తీసిన ఇమేజ్ కూడా దొరుకుతుందా, లేబుళ్లు (చరియ ఎక్కడుందో ఇమేజ్ మీద మనిషి పెట్టిన గుర్తులు) ఎవరు గీశారు అనేవి ముందు తేలాలి. ఇవి తేలితే మోడల్ ఎంపిక సగానికి పైగా అయిపోయినట్టే. తేలకుండా మోడళ్లు మార్చుకుంటూ పోతే నెలలు గడిచిపోతాయి తప్ప పని జరగదు.

ఇక్కడ చెబుతున్నదంతా ఇప్పటికే జారిపోయిన చరియల్ని వెతికి పట్టడం గురించి. ఫలానా వాలు వచ్చే వానకి జారుతుందా అని చెప్పడం పూర్తిగా వేరే పని. దానికి వాన లెక్కలు, మట్టి లోతు, రాతి పొరల తీరు, నీరు ఇంకే దారి లాంటివి కావాలి. రెండింటినీ ఒకే ప్రాజెక్టులో కలిపేసిన ప్రపోజళ్లు తరచూ కనిపిస్తుంటాయి. విడదీయమని చెప్పడమే వాటికి ఇవ్వగలిగే మొదటి సలహా.

జవాబు ఏ రూపంలో కావాలి?

ఇమేజ్ ముక్కను చూసి "ఉంది" లేదా "లేదు" అని చెప్పేది క్లాసిఫికేషన్. చుట్టూ డబ్బా గీసి చూపించేది ఆబ్జెక్ట్ డిటెక్షన్. ఒక్కో పిక్సెల్‌కీ విడిగా తీర్పు చెప్పేది సెగ్మెంటేషన్.

క్లాసిఫికేషన్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు. లేబుల్ వేయడం తేలిక, ట్రైనింగ్ త్వరగా అవుతుంది. పెద్ద ప్రాంతాన్ని వేల ముక్కలుగా కోసి, వాటిలో మనిషి ముందు చూడాల్సినవి ఏవో వేరు చేయడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. రోడ్డు పక్క కెమెరాలు, ఫోన్లలో జనం తీసి పంపే ఫొటోలు అయితే ఇంతకు మించినది అవసరం కూడా పడదు. ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, బ్రిటిష్ జియలాజికల్ సర్వే లాంటి సంస్థలు కలిసి సోషల్ మీడియా ఫొటోల్లోంచి కొండచరియల్ని ఏరడానికి చేసిన వ్యవస్థ ఈ రకందే. విస్తీర్ణం ఎంత, సరిగ్గా ఏ మూల జారింది అనే ప్రశ్నలకు మాత్రం దీని దగ్గర జవాబు ఉండదు.

డబ్బా పద్ధతి మీద నాకు అనుమానాలు ఎక్కువ. కార్లు, మనుషులు డబ్బాలో చక్కగా ఇముడుతారు. చరియలు అలా కాదు, పొడుగ్గా సన్నగా లోయ వెంట వంకర్లు తిరుగుతూ దిగుతాయి. 400 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఒక జారుడు ఇమేజ్‌లో ఐమూలగా పడి ఉందనుకోండి. దాని విస్తీర్ణం 8,000 చదరపు మీటర్లు. దాని చుట్టూ గీసిన డబ్బాకి ఒక్కో వైపు దాదాపు 300 మీటర్లు, అంటే 90,000 చదరపు మీటర్లు. డబ్బాలో పదో వంతు కూడా చరియ లేదు, మిగతాదంతా అడవే. ఈ డబ్బాల్ని కలిపి "దెబ్బతిన్న ప్రాంతం" అని రిపోర్టులో రాస్తే ఎంత తప్పుడు లెక్క వస్తుందో చెప్పక్కర్లేదు. డ్రోన్ గాల్లో ఉండగానే వీడియోలో చరియని గుర్తించాలంటే, లేదా రోడ్డు మూసుకుపోయిందా అన్నంత వరకే తెలిస్తే చాలంటే, యోలో కుటుంబం మోడళ్లు బాగా పనికొస్తాయి. వాటి బలం వేగమే.

మ్యాప్ కావాలంటే సెగ్మెంటేషన్ తప్పదు. ప్రతి చరియనీ విడివిడిగా గీసే మాస్క్ ఆర్-సీఎన్‌ఎన్ లాంటివి కూడా ఉన్నాయి. కానీ పెద్ద భూకంపం తర్వాత చరియలు ఒకదాన్నొకటి అంటుకుని ఒకే గుట్టలా కనిపిస్తాయి. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకోటి మొదలైందో నిపుణులే ఏకాభిప్రాయానికి రారు. అందుకని ముందు మామూలు సెగ్మెంటేషన్ చేసి, ఆనుకుని ఉన్న పిక్సెళ్లను గుంపులుగా విడదీసుకోవడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. చరియల సైజు వారీ సంఖ్యలే మీ పరిశోధన అంశమైతే తప్ప అంతకన్నా లోతుకి వెళ్లే అవసరం లేదు.

ఏ ఇమేజ్?

అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపే నిర్ణయం ఇదే. మోడల్ మారిస్తే వచ్చే తేడా కొన్ని శాతాల్లో ఉంటుంది. ఇమేజ్ మారితే పని సాధ్యమా కాదా అన్నదే మారిపోతుంది.

చాలామంది మొదలుపెట్టేది యూరప్‌కి చెందిన సెంటినెల్-2తో. ఉచితం, 2015 నుంచి ఇమేజ్‌లు ఉన్నాయి, రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు ప్రతి 5 రోజులకు ఒకసారి అదే చోటుకి వస్తాయి. మొత్తం 13 బ్యాండ్లు, అంటే కాంతిని 13 భాగాలుగా విడదీసి తీస్తాయి. కంటికి కనిపించే మూడు రంగులు, ఒక నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతి) 10 మీటర్ల రిజల్యూషన్‌లో వస్తాయి, అంటే ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్ల చదరం. మిగతావి 20, 60 మీటర్లవి. పచ్చదనం కొట్టుకుపోయి ఎర్రమట్టి బయటపడిన చోటు ఇన్‌ఫ్రారెడ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ బ్యాండ్ ఉన్న ఇమేజ్‌కి, మామూలు మూడు రంగుల ఫొటోకి చాలా తేడా ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడో లెక్క వేసి చూద్దాం. 30 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న చరియ ఒక ఊరిని ముంచేయడానికి చాలు. సెంటినెల్-2 ఇమేజ్‌లో అది 3 పిక్సెళ్లు అడ్డంగా, 6 పిక్సెళ్లు నిలువుగా, మొత్తం 18. వాటిలో అంచున ఉన్న 14 పిక్సెళ్లలో చాలావరకు సగం మట్టి, సగం చెట్లు. నికార్సయిన చరియ పిక్సెళ్లు లోపల మిగిలినవి నాలుగే. అదే చరియ 3 మీటర్ల ప్లానెట్‌స్కోప్ ఇమేజ్‌లో 200 పిక్సెళ్లు, అప్పుడు ఆకారం కనిపిస్తుంది. 30 మీటర్ల ల్యాండ్‌శాట్‌లో రెండే రెండు పిక్సెళ్లు, అదీ గ్రిడ్ సరిగ్గా కుదిరితే. మీ ప్రాంతంలో చరియలు మామూలుగా ఎంత వెడల్పు ఉంటాయో తెలుసుకుని, కనీసం ఐదారు పిక్సెళ్ల వెడల్పు వచ్చే ఇమేజ్ ఎంచుకోమని నేను చెబుతుంటాను. ఇది రాసిపెట్టిన సూత్రం కాదు, పని చేసే అంచనా. ల్యాండ్‌శాట్‌ని పాత చరిత్ర తవ్వడానికి ఉంచుకోండి. దశాబ్దాల వెనక్కి వెళ్లాలంటే దానికి సాటి లేదు.

ప్లానెట్‌స్కోప్ దాదాపు రోజూ తీస్తుంది కానీ డబ్బు పెట్టాలి. మీటరు లోపు రిజల్యూషన్ ఇచ్చే వాణిజ్య ఉపగ్రహాలు ఇంకా ఖరీదు. పైగా అవి చాలాసార్లు ఏటవాలుగా చూసి తీస్తాయి కాబట్టి నిట్టనిలువు కొండల్లో ఇమేజ్ పక్కకి జరిగి, ముందు తీసినదానితో సరిపోలదు. ఈ జరుగుడు సంగతి ఇమేజ్ కొన్న తర్వాత తెలుస్తుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

డ్రోన్ ఇమేజ్‌లో ప్రతి బండరాయీ కనిపిస్తుంది. ఒక వాలు, ఒక రోడ్డు, ఒక ఆనకట్ట చుట్టుపక్కల అయితే దాన్ని మించింది లేదు. జిల్లా మొత్తానికి దాన్ని నమ్ముకోలేం. ఇంకో సంగతి, డ్రోన్ ఇమేజ్‌లతో ట్రైన్ చేసిన మోడల్‌ని తీసుకెళ్లి ఉపగ్రహ ఇమేజ్ మీద పెడితే పనిచేస్తుందని ఆశపడొద్దు. ఒక దాంట్లో రాళ్ల గరుకుదనం చూసి నేర్చుకుంటుంది, రెండో దాంట్లో ఆ గరుకుదనమే ఉండదు.

ఇక మేఘాలు. వాన వల్లే చరియలు జారితే, ఆ వానని తెచ్చిన మేఘాలు ఇంకా పైనే ఉంటాయి. బాధితులకి సాయం అందాల్సిన మొదటి మూడు నాలుగు రోజులు మామూలు ఉపగ్రహానికి కింద తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనపడదు. 2024 జులై 30న వయనాడ్‌లో చూరల్‌మల, ముండక్కై కొట్టుకుపోయినప్పుడు ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కార్టోశాట్-3తో పాటు రిశాట్ రాడార్ ఇమేజ్‌లు కూడా వాడింది ఇందుకే. రాడార్‌కి మేఘం అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు.

అయితే రాడార్ అన్నిటికీ మందు కాదు. అది పక్క నుంచి చూస్తుంది. ఉపగ్రహం వైపు తిరిగిన నిట్టనిలువు వాలు ఇమేజ్‌లో నలిగి కింది లోయ మీద పడిపోతుంది, అటువైపు తిరిగిన వాలు నీడలో మాయమవుతుంది. చరియలు జారేది సరిగ్గా అలాంటి వాలుల మీదే. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తూ తీసినవి, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తూ తీసినవి రెండూ కలిపి వాడితే ఈ గుడ్డి మచ్చలు కొంత తగ్గుతాయి. తరంగం పొడవు కూడా చూసుకోవాలి. సెంటినెల్-1 వాడే సీ బ్యాండ్ తరంగం పొడవు ఐదున్నర సెంటీమీటర్లు, అది ఆకుల దగ్గరే ఆగిపోతుంది. దాదాపు 24 సెంటీమీటర్ల ఎల్ బ్యాండ్ కొమ్మల్లోంచి ఇంకొంచెం లోపలికి వెళ్తుంది. నాసా, ఇస్రో కలిసి 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నిసార్‌లో ఎల్, ఎస్ బ్యాండ్లు రెండూ ఉన్నాయి, 12 రోజులకోసారి అదే చోటుకి వస్తుంది. అడవి కప్పిన కొండల మీద పనిచేసేవాళ్లు దాని మీద ఓ కన్నేసి ఉంచాలి.

నా సలహా ఏంటంటే, ఎక్కడ జారిందో మొదటి రోజుల్లో చెప్పడానికి రాడార్, ఎంత జారిందో తర్వాత తీరిగ్గా గీయడానికి ఆప్టికల్ ఇమేజ్, అంటే వెలుతురులో తీసే మామూలు ఉపగ్రహ ఇమేజ్. ఒకే మోడల్‌కి రెండూ కలిపి తినిపించాలన్న ఉబలాటం మొదట్లో వద్దు. ఏదో ఒకటి లేని రోజు ఆ మోడల్ చేతులెత్తేస్తుంది.

ఒక ఇమేజ్ చాలా, ముందూ వెనకా రెండూ కావాలా?

జరిగిన తర్వాత తీసిన ఒక్క ఇమేజ్‌తో పనిచేసే మోడల్ "ఇక్కడ పచ్చదనం లేని వాలు ఉంది" అని చెప్పగలదు. అది నిన్న జారిందా, పదేళ్ల కిందట జారి ఇంకా పచ్చబడలేదా, అసలది రాళ్ల క్వారీయా, కొత్త రోడ్డు కోసం కోసిన గట్టా అన్నది చెప్పడం కష్టం. ముందు ఇమేజ్ కూడా ఇస్తే ఈ తికమకలో చాలా భాగం పోతుంది. క్వారీ రెండింట్లోనూ క్వారీయే కదా.

రెండు ఇమేజ్‌లకి వాటి తలనొప్పులూ ఉన్నాయి. అవి పిక్సెల్‌కి పిక్సెల్ సరిపోలాలి. ఎండాకాలంలో మోడుబారిన కొండని వానాకాలం తర్వాతి పచ్చటి కొండతో పోలిస్తే మోడల్ తలకిందులవుతుంది, అంతా మారినట్టే కనిపిస్తుంది. దగ్గరి తేదీలో మేఘం లేని ఇమేజ్ దొరక్కపోతే నేనైతే కిందటేడాది అదే నెల ఇమేజ్ తీసుకుంటాను. కోతలు, అడవి నరకడం, కార్చిచ్చు కూడా మార్పులే కాబట్టి వాటిని "కాదు" అని చూపించే ఉదాహరణలు ట్రైనింగ్‌లో ఉండాలి.

రెండు ఇమేజ్‌లని పోల్చడానికి సయామీస్ నెట్‌వర్క్‌లని ఉన్నాయి. ఒకే బరువులున్న (మోడల్ నేర్చుకున్న అంకెలు) రెండు దారుల్లో రెండు ఇమేజ్‌లనూ నడిపి, లోపలి లక్షణాల తేడా చూస్తాయి. ఇంతకన్నా సులువైన మార్గం రెండు ఇమేజ్‌ల బ్యాండ్లనీ ఒకదాని మీద ఒకటి పేర్చి మామూలు యూ-నెట్‌కి ఇచ్చేయడం. దీనితోనే మొదలుపెట్టండి. దానికీ ముందు, డీప్ లెర్నింగ్ ఊసే లేకుండా, ముందూ వెనకా ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) తేడా తీసి ఒక హద్దు పెట్టి, వాలు తక్కువున్న చోట్లు తీసేసి ఒక మ్యాప్ చేసి చూడండి. దట్టమైన పచ్చటి కొండల్లో ఈ ముతక పద్ధతి ఆశ్చర్యపోయేంత బాగా వస్తుంది. మీ మోడల్ దాన్ని గెలవలేకపోతే ఆ సంగతి ముందే తెలియడం మంచిది.

వాలు డేటా కలపాలా?

కలపాలి. కానీ ఎలా కలుపుతున్నారో చూసుకోవాలి.

సెంటినెల్-2 మాత్రమే చూసి నేర్చుకున్న మోడల్ ఇచ్చిన మాస్క్‌లో (చరియ అనుకున్న పిక్సెళ్లకి ఎర్ర రంగు వేసిన మ్యాప్) ఒక వాగు మలుపు దగ్గరికి జూమ్ చేయండి. మలుపు లోపలి వైపు మేట వేసిన ఇసుక దిబ్బ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. మోడల్ తప్పేం లేదు, అక్కడి రంగు, కొత్తగా బయటపడ్డ మట్టి రంగు రెండూ దాదాపు ఒకటే. దున్నిన పొలాల దగ్గరా ఇదే కథ. ఇక్కడ చాలామంది చేసే పని, వాలు 10 డిగ్రీల కన్నా తక్కువున్న పిక్సెళ్లన్నీ కొట్టేయడం. ఇసుక దిబ్బలు పోతాయి, స్కోరు ఎగబాకుతుంది, అందరికీ సంతోషం. ఇప్పుడు అదే మ్యాప్‌లో పెద్ద చరియ కిందికి వెళ్లి చూడండి. కొండ మీంచి కొట్టుకొచ్చిన బురద, బండలు లోయ అడుగున పరుచుకున్న భాగం కూడా మాయమైపోయింది. ఇళ్లుండేది అక్కడే, ప్రాణాలు పోయేదీ ఎక్కువగా అక్కడే.

అందుకే వాలుని కత్తెరలా వాడటం కన్నా మోడల్‌కి ఒక అదనపు పొరగా ఇవ్వడం మేలు. చదునైన చోట మట్టి కనిపించినా, దాన్ని ఆనుకుని పైన వాలు మీద తాజా మచ్చ ఉంటే అది చరియ తోకే అని నేర్చుకునే అవకాశం అప్పుడు మోడల్‌కి ఉంటుంది. దీనికి ఇమేజ్ ముక్క సరిపడా పెద్దది కావాలి. ముక్క మరీ చిన్నదైతే పైనున్న మచ్చ దాని కంటికి కనపడదు.

ఎత్తు డేటా కొనేముందు దాని అసలు రిజల్యూషన్ అడగండి. జపాన్ ఉపగ్రహ రాడార్ ఆలోస్ పాల్సార్‌తో కలిపి ఇచ్చే 12.5 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల మ్యాప్) చాలా ప్రాంతాల్లో 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన 30 మీటర్ల ఎస్‌ఆర్‌టీఎం డేటానే సన్నగా సాగదీసినది. పిక్సెల్ చిన్నదైనంత మాత్రాన వివరం పెరగదు.

ఇప్పుడు మోడల్

యూ-నెట్ 2015లో వైద్య ఇమేజ్‌ల కోసం పుట్టింది. తక్కువ ఉదాహరణలతో నేర్చుకోవడం, సన్నటి అంచుల్ని కాపాడటం దాని గుణాలు. మనకి కావాల్సినవీ అవే. దాని ఎడమ భుజంలో (ఇమేజ్‌ని చదివే సగం) ముందే ట్రైన్ చేసిన రెస్‌నెట్ అనే నెట్‌వర్క్ పెట్టుకుంటే మామూలు జీపీయూ ఒక్కదానితో పని నడుస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్లందరికీ నా జవాబు ఇదే, ఎన్ని కొత్త పేర్లు వచ్చినా ఇప్పటిదాకా మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

2018లో వచ్చిన డీప్‌ల్యాబ్ వి3 ప్లస్ ఒకేసారి చిన్న, పెద్ద పరిధుల్లో చూస్తుంది. చరియల సైజుల్లో బాగా తేడాలున్న చోట, హై రిజల్యూషన్ ఇమేజ్‌ల్లో బాగుంటుంది. పది మీటర్ల ఇమేజ్‌లో సన్నటి వాటిని కొంత మింగేస్తుంది. 2021 నాటి సెగ్‌ఫార్మర్ లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు దూరాన ఉన్న సందర్భాన్ని బాగా పట్టుకుంటాయి, పైన చెప్పిన చరియ తోక లాంటి చోట ఇది కలిసొస్తుంది. లేబుళ్లు వందల్లోనే ఉంటే మాత్రం ముందే ట్రైన్ చేసిన బరువులు లేకుండా వాటి జోలికి పోవద్దు.

ఆ బరువుల విషయంలో చిన్న మెలిక ఉంది. అవి సాధారణంగా మూడు రంగుల ఫొటోల మీద నేర్చుకున్నవి. మీ దగ్గర 14 పొరలుంటే మొదటి లేయర్‌ని మార్చాలి. పాత మూడు పొరల బరువుల్ని సగటు చేసి కొత్త పొరలకి పంచడం ఒక పద్ధతి, మొదటి లేయర్‌ని మాత్రం మళ్లీ మొదటినుంచి నేర్పడం ఇంకోటి. రెండూ నడుస్తాయి. పొరలు ఎక్కువయ్యాయని ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేసి మూడు రంగులతో సరిపెట్టుకోవడం మాత్రం నష్టం.

భూమి ఇమేజ్‌ల మీదే ముందుగా ట్రైన్ చేసిన పెద్ద మోడళ్లు కూడా వచ్చాయి. నాసా, ఐబీఎం కలిసి 2023లో విడుదల చేసిన ప్రిత్వి వాటిలో ఒకటి. అది నేర్చుకున్నది 30 మీటర్ల డేటా మీద అని గుర్తుంచుకోండి. లేబుళ్లు చాలా తక్కువున్నప్పుడు ప్రయత్నించదగినది. మెటా 2023లో ఇచ్చిన సామ్ సంగతి వేరు. అది ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడున్న వస్తువు అంచు గీసి ఇస్తుంది కానీ అది చరియో పొలమో దానికి తెలియదు. దాన్ని గుర్తించే మోడల్‌గా కాకుండా లేబుళ్లు గీసేవాళ్ల చేతికి పనిముట్టుగా ఇస్తే బోలెడు సమయం మిగులుతుంది.

లాస్ ఫంక్షన్ (ట్రైనింగ్‌లో మోడల్ తప్పుని కొలిచే లెక్క) గురించి ఎక్కువ ఆలోచించకండి. చరియ పిక్సెళ్లు బాగా తక్కువ కాబట్టి ఒట్టి క్రాస్ ఎంట్రపీ సరిపోదు, దానికి డైస్ కలపండి. ఫోకల్, ట్వెర్స్కీ లాంటివి తర్వాత చూసుకోవచ్చు.

లేబుళ్లు

ఉచిత డేటాసెట్లలో 2022 నాటి పోటీతో వచ్చిన ల్యాండ్‌స్లైడ్4సెన్స్ మొదలుపెట్టడానికి మంచిది. ట్రైనింగ్‌కి 3,799 ముక్కలు, ఒక్కోటి 128 పిక్సెళ్ల చదరం, 12 సెంటినెల్-2 బ్యాండ్లకి తోడు వాలు, ఎత్తు పొరలు. జపాన్‌లోని ఇబురి, కర్ణాటకలోని కొడగు, నేపాల్‌లోని రసువా, తైవాన్‌లోని తైతుంగ్ ప్రాంతాల నుంచి తీసుకున్నారు. హై రిజల్యూషన్ కావాలంటే చైనాలోని బిజియె ప్రాంతపు డేటాసెట్ ఉంది. 0.8 మీటర్ల ఇమేజ్‌ల్లో 770 చరియలు, చరియ లేనివి 2,003. ఆ రెండో అంకె గొప్పదనం గమనించండి. "కాదు" అని చెప్పే ఉదాహరణలే అక్కడ ఎక్కువ.

పాత సర్వేల పాలిగాన్లు (చరియ అంచు వెంట గీసిన గీతలు) తెచ్చి వాడుకునేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. అవి వేరే ఇమేజ్ మీద గీసినవి, మీ ఇమేజ్ మీద పది మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. పది మీటర్లే కదా అనిపిస్తుంది. 20 మీటర్ల వెడల్పు చరియ అంటే 2 పిక్సెళ్లు. మోడల్ దాన్ని తు.చ. తప్పకుండా గీసినా లేబుల్ ఒక్క పిక్సెల్ పక్కకి ఉంటే, రెండూ కలిసే నిలువు వరస ఒకటి, రెండూ కలిపి ఆక్రమించినవి మూడు. కలిసినదాన్ని మొత్తం ఆక్రమించినదానితో భాగిస్తే వచ్చే స్కోరే ఐఓయూ, ఇక్కడ 0.33. అదే 40 మీటర్ల వెడల్పైతే 5లో 3, అంటే 0.6. మోడల్ ఏ తప్పూ చేయలేదు, స్కోరు మాత్రం సగానికి పడిపోయింది. మోడల్ మార్చాలన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ ముందు ఓ ఇరవై పాలిగాన్లు ఇమేజ్ మీద పరిచి కళ్లతో చూడండి.

గీసేవాళ్లందరూ ఒకే నియమం పాటించాలి. పైనున్న మచ్చ మాత్రమే గీయాలా, కిందికి కొట్టుకొచ్చిన మేటా కలపాలా? ఒకరు కలిపి, ఇంకొకరు వదిలేస్తే మోడల్ ఎవరి మాటా వినదు.

స్కోర్లు చదివేటప్పుడు

ఎక్కడైనా "98 శాతం అక్యూరసీ" అని కనిపిస్తే ముందు చరియ పిక్సెళ్లు ఎంత శాతమో అడగండి. అవి 2 శాతమే ఉంటే, ప్రతి పిక్సెల్‌కీ "కాదు" అని చెప్పే ఖాళీ మోడల్‌కి కూడా 98 వస్తుంది. చూడాల్సింది చరియ తరగతికి మాత్రమే లెక్కించిన ఐఓయూ లేదా ఎఫ్1 (చూపినవాటిలో ఎన్ని నిజం, నిజమైనవాటిలో ఎన్ని పట్టింది అన్న రెండింటినీ కలిపిన స్కోరు). ఈ రెండింటినీ కలగాపులగం చేసి పోల్చొద్దు. ఐఓయూ 0.6 అంటే ఎఫ్1 0.75. ఒక పేపర్‌లోది ఎఫ్1, ఇంకో దాంట్లోది ఐఓయూ అయితే రెండోది వెనకబడ్డట్టు ఊరికే కనిపిస్తుంది. "సగటు ఐఓయూ" అన్నా జాగ్రత్తే, అందులో సులువుగా వచ్చే నేపథ్యం స్కోరు కూడా కలిసి ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద మోసం ముక్కల్ని విడదీసే తీరులో ఉంది. ఒకే కొండ నుంచి కోసిన పక్కపక్క ముక్కల్ని యాదృచ్ఛికంగా ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ పంచితే మోడల్ దాదాపు జవాబు చూసి పరీక్ష రాసినట్టే. ఒక ప్రాంతం మొత్తాన్ని పక్కన పెట్టి దాని మీద పరీక్షించండి. స్కోరు గట్టిగా పడుతుంది. ఆ పడిన అంకే నిజమైనది, కొత్త చోట మీ మోడల్ ఇచ్చేది అంతే. రెండు మోడళ్లలో ఒకటి ఎంచుకోవాలంటే నేను చూసేది ఆ అంకెనే.

ఎవరికి ఏది?

విపత్తు వేళ సహాయ బృందాలకి దారి చూపాలంటే: రాడార్ మార్పు మ్యాప్, మేఘం తొలగగానే దొరికిన ఆప్టికల్ ఇమేజ్ మీద ముందే ట్రైన్ చేసి సిద్ధంగా ఉంచుకున్న యూ-నెట్. ఎంత స్కోరు దాటితే చరియ అని తేల్చాలన్న హద్దుని 0.5 దగ్గర కాకుండా 0.3 దగ్గర పెట్టండి. పది తప్పుడు చోట్లు చూపినా మనిషి కొట్టేస్తాడు, ఒక్క ఊరు తప్పిపోతే దిద్దే దారి లేదు.

ఒక సీజన్ మొత్తం చరియల జాబితా తయారుచేయాలంటే తొందర లేదు. సెంటినెల్-2 ముందు, వెనక ఇమేజ్‌లు, వాలు పొర, రెస్‌నెట్ ఉన్న యూ-నెట్. హద్దు కాస్త పైన పెట్టి, మరీ చిన్న గుంపులు వదిలేసి, మిగిలినవి మనిషితో సరిచూపించండి. చిన్న చరియలు ఎక్కువున్న ప్రాంతమైతే 3 మీటర్ల ఇమేజ్‌కి డబ్బు పెట్టడం కొత్త మోడల్ మీద నెలలు పెట్టడం కన్నా చవక.

ఒకే రోడ్డునో రైలు మార్గాన్నో కాపలా కాయాలంటే డ్రోన్‌తో యోలో, లేదా స్థిరమైన కెమెరాతో క్లాసిఫికేషన్. మంచు పొగ, రాత్రి, తడి రోడ్డు ఉన్న ఫొటోలు ట్రైనింగ్‌లో తప్పకుండా ఉండాలి. ఏళ్ల తరబడి మెల్లగా, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరిగే వాలుల విషయానికొస్తే ఈ వ్యాసంలోని మోడళ్లేవీ పనికిరావు. పైన చెట్లు అలాగే ఉంటాయి, రంగు మారదు. అక్కడ రాడార్ తరంగాల దశ తేడాని కొలిచే ఇన్‌సార్ కావాలి.

విద్యార్థి ప్రాజెక్టయితే ల్యాండ్‌స్లైడ్4సెన్స్ తీసుకుని, నాలుగు మోడళ్లని పోల్చే బదులు ఒక్క యూ-నెట్ పెట్టి వాలు పొర ఉంటే ఎంత, లేకపోతే ఎంత, ఇన్‌ఫ్రారెడ్ తీసేస్తే ఎంత అని చూడండి. నాలుగు మోడళ్ల పట్టికలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.